తొలి ఉద్యోగం కథలో పెట్టుబడి ఎవరిది?

తెనాలి మండలంలో కొలకలూరు అనే ఊరుంది. ఆ కొలకలూరు కుర్రాడొకడు గుంటూరులో హోటలు పెట్టాలనుకోవడమే 'మిడిల్ క్లాస్ మెలొడీస్' సినిమా. వినోద్ అనంతోజు తీశారు. 2020 నవంబరులో, కరోనా భయం ఇంకా తగ్గని రోజుల్లో, హాళ్లకు రాకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. అందులో రాఘవ అనే కుర్రాడికి దేశాన్ని ఉద్ధరించాలని లేదు. కోట్లు గడిస్తానని మీసం మెలెయ్యడు. తను చేసే బొంబాయి చట్నీ తిన్నవాడు మళ్లీ వస్తాడని నమ్మకం, ఆ చట్నీని గుంటూరు చేత తినిపించాలని కోరిక. అంతే.

కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లు, ముఖ్యంగా చదువు అయిపోయి జీవితంలో స్థిరపడాలని తహతహలాడే పాత్రను రాయాలనుకునేవాళ్లు, ఈ చట్నీ దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే అలాంటి పాత్ర మన కథల్లో మామూలుగా ఇలా వస్తుంది: "అతనికి ఏదో సాధించాలని తపన." ఏది? చెప్పరు. "ఆమె కళ్లలో పట్టుదల మెరిసింది." దేనిమీద? అదీ చెప్పరు. రైలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు, వెనక్కి పరిగెత్తే చెట్లు ఉంటాయి, నాన్న మాటలు చెవిలో మోగుతుంటాయి. ఈ కుర్రాణ్ణి పట్టుకుపోయి ఏ ఊళ్లో దించినా, ఏ ఉద్యోగంలో పెట్టినా కథ మారదు. మారలేదంటే ఆ పాత్ర ఇంకా పుట్టలేదన్నమాట.

తపన అనేది చూపించగలిగే వస్తువు కాదు. చట్నీని చూపించవచ్చు. శనగపిండి ఎంత కలపాలో, పోపు ఎప్పుడు వెయ్యాలో, ఎంత పల్చగా ఉంటే ఇడ్లీకి పట్టుకుంటుందో తెలిసినవాడు తన పనిమీద నమ్మకం ఉన్నవాడని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. కోరిక ఎంత చిన్నదిగా, ఎంత ఖచ్చితంగా ఉంటే పాత్ర అంత పెద్దదవుతుంది. గ్రూప్ టూ రాస్తున్న అబ్బాయికి 'ప్రభుత్వోద్యోగం' కావాలనడం కంటే, తాసీల్దారు ఆఫీసులో తన తండ్రిని గంటలసేపు నిలబెట్టిన కుర్చీలోనే తను కూర్చోవాలని ఉందనడం మేలు. మొదటిది నోటిఫికేషను, రెండోది కథ.

ఇక అసలు సంగతి, నేను ఈ వ్యాసం రాయడానికి కారణం, డబ్బు.

మన ప్రాంతంలో కుర్రకారు ఆశయాలు వాళ్ల సొంత డబ్బుతో నడవవు. ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. నందివెలుగులోనో, దుగ్గిరాలలోనో, రేపల్లె పక్క ఊళ్లోనో ఒక ఇంటి నుంచి పిల్ల ఇంజనీరింగుకు వెళ్లిందంటే ఆ వెనక ఒక లెక్క ఉంటుంది. అమ్మ గొలుసు బ్యాంకులో తాకట్టు ఉంటుంది. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు ఉంటుంది. మేనమామ ఇచ్చిన చేబదులు ఉంటుంది, ఆ చేబదులు వెనక ఒక పెళ్లి ప్రస్తావన ఉన్నా ఉంటుంది. అరెకరం అమ్మితే అన్నకు కోపం వచ్చి ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు రావడం ఆలస్యమైతే కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు బిగబట్టుకుంటారు, పిల్లలు జిరాక్సులు పట్టుకుని ఇంటర్వ్యూలకు వెళతారు. ఇదంతా కథకు బయట ఉండే సమాచారమని చాలామంది రచయితలు అనుకుంటారు. కథంతా ఇందులోనే ఉంది. ఎందుకంటే ఇంత మంది డబ్బు పెట్టిన కుర్రాడికి ఓడిపోయే స్వేచ్ఛ లేదు. హైదరాబాదులో ఇంటర్వ్యూ పోయిన సాయంత్రం వాడికి వచ్చే ఫోను వాళ్ల అమ్మ నుంచి అయితే ఒక కథ, మేనమామ నుంచి అయితే ఇంకో కథ.

'మిడిల్ క్లాస్ మెలొడీస్' సంగతికే వస్తే, రాఘవ తండ్రి కొండలరావు ఊ అనకపోతే ఆ హోటలు కల గడప దాటదు. గోపరాజు రమణ వేసిన ఆ తండ్రి పాత్ర తిట్టే తిట్లన్నీ వినండి. ఆ కోపంలో సగం కొడుకు మీదిది కాదు, పోతుందేమోనన్న డబ్బు మీది భయం. అది అర్థమైన రచయిత కాబట్టి ఆయన్ను విలనూ చెయ్యలేదు, దేవుడూ చెయ్యలేదు. హోటలు తెరవగానే జనం విరగబడకపోవడం కూడా అందుకే మనకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఖాళీ బల్లలు చూసి మనం బాధపడేది రాఘవ కోసమే కాదు.

ఇది మన ఒక్కళ్ల గొడవే అనుకోనక్కరలేదు. ఫ్రెంచి రచయిత బాల్జాక్ 1835లో వచ్చిన 'పేర్ గోరియో' నవలలో రస్తిన్యాక్ అనే పల్లెటూరి కుర్రాణ్ణి లా చదవడానికి పారిస్ పంపిస్తాడు. పారిస్ గొప్పవాళ్ల ఇళ్లలో అడుగుపెట్టాలంటే మంచి బట్టలు కావాలి, బండి కావాలి. కుర్రాడు ఇంటికి ఉత్తరం రాస్తాడు. తల్లి నగలు అమ్మి పంపుతుంది, చెల్లెళ్లు దాచుకున్నది పంపుతారు. ఆ డబ్బు చేతికొచ్చినప్పుడు కుర్రాడికి సంతోషమూ సిగ్గూ ఒకేసారి కలుగుతాయి. ప్రపంచ సాహిత్యంలో ఆశపోతు కుర్రాడంటే ఇప్పటికీ రస్తిన్యాక్ పేరే చెబుతారు. బాల్జాక్ వాడి కళ్లలో మెరుపును నమ్ముకోలేదు, చిట్టాపద్దు రాశాడు. పారిస్ తీసేసి అమీర్‌పేట పెట్టండి, సూటు తీసేసి హాస్టలు ఫీజూ కోచింగు ఫీజూ పెట్టండి. రేపల్లెలో బయల్దేరి తెనాలి, గుంటూరు మీదుగా హైదరాబాదు పోయే డెల్టా రైల్లో ఏ రాత్రి చూసినా ఒకరిద్దరు రస్తిన్యాక్‌లు ఉంటారు.

పాత్రకు కోరిక తెలియాలి, పెట్టుబడి తెలియాలి. కానీ పాత్రకు తెలియకూడనిది కూడా ఒకటి ఉంది. తను వెళుతున్న లోకం ఎలా ఉంటుందో దానికి తెలియకూడదు. రచయితకు తెలియాలి.

ఈ కిటుకు మొక్కపాటి నరసింహశాస్త్రికి తెలిసినంత బాగా మన వాళ్లలో ఎవరికీ తెలియదేమో. 1924లో మొదటి భాగం వచ్చిన 'బారిష్టర్ పార్వతీశం' ఒక రకంగా తెలుగులో తొలి కెరీరు నవల. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు కావాలని ఇంగ్లండు బయల్దేరతాడు. బారిష్టరంటే ఏం చేస్తాడో వాడికి సరిగ్గా తెలియదు, అయితే గొప్ప అని మాత్రం తెలుసు. టోపీ కొనుక్కుంటే అది కాస్తా ఆడవాళ్ల టోపీ అవుతుంది. మనం నవ్వుతాం. కానీ ఆ నవ్వులో ఎక్కడా పార్వతీశాన్ని వెధవని చెయ్యడు రచయిత. తెలియకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు. ఈ తేడా పట్టుకోలేని రచయితలు కొత్తగా ఉద్యోగంలో చేరిన పల్లెటూరి పాత్రను జోకరు చేస్తారు, లేదా మొదటి వారంలోనే మేనేజరుకు పాఠాలు చెప్పే మేధావిని చేస్తారు. నిజానికి కొత్త ఉద్యోగిని తికమక పెట్టేవి పెద్ద విషయాలు కావు. క్యాంటీన్‌లో ట్రే ఎక్కడ పెట్టాలి, పెద్దాయన్ని పేరు పెట్టి పిలవమంటున్నారే ఎలా పిలవడం, మెయిలు చివర ఏం రాయాలి, సాయంత్రం ఆరయింది, వెళ్లిపోవచ్చా, ఎవరైనా లేచేదాకా కూర్చోవాలా. ఇవీ ఈ కాలపు టోపీలు.

అంతకు ముందే గురజాడ గిరీశాన్ని రాసి పెట్టారు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. గిరీశం గురించి అందరూ మోసగాడనే మాట్లాడతారు గానీ ఒకసారి ఉద్యోగం దృష్టితో చూడండి. చేతిలో పైసా లేదు, ఊళ్లో అప్పులు మిగిలాయి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప పెట్టుబడి లేదు. ఆ ముక్కల్ని వెంకటేశానికి చదువు చెప్పే ట్యూషను కింద మార్చుకుని ఇంకో ఇంట్లో అడుగుపెడతాడు. ఈ రోజున స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూటు బోర్డు కింద కూర్చోబెడితే గిరీశం చక్కగా ఇమిడిపోతాడు. ఆశకు నీతి ఉండాలన్న నియమం కథకు లేదు. ఆ మనిషి దగ్గర ఉన్నదేమిటి, దాన్ని ఎలా అమ్ముకుంటున్నాడు అన్నది స్పష్టంగా ఉండాలి, అంతే.

పని గురించి చెప్పాలి. మన కథల్లో ఉద్యోగులు బోలెడంతమంది ఉన్నారు, ఉద్యోగం మాత్రం తక్కువ. ఆఫీసుకు వెళతారు, వస్తారు. మధ్యలో ఏం చేశారో తెలియదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి రాజశేఖరం దగ్గర ఉద్యోగంలో చేరుతుంది. 1960ల మధ్యలో ఆ నవల చదివిన అమ్మాయిలకు, జీతం తెచ్చుకునే ఆడపిల్ల తన మాట తను చెప్పగలదన్న సంగతే పెద్ద విశేషం. అందుకు ఆ నవలకు గౌరవం ఇవ్వాలి. కానీ జయంతి బల్లమీద ఏ కాగితాలు ఉండేవో మనకు పెద్దగా గుర్తుండదు, రాజశేఖరం మాత్రం గుర్తుంటాడు. ఆ తరవాత వచ్చిన వారపత్రికల నవలల్లో చాలా వాటికి ఆఫీసు అనేది నాయికా నాయకులు ఎదురుపడే చోటు మాత్రమే అయింది. 1980ల నాటి 'గెలుపు' నవలలు, యండమూరి వీరేంద్రనాథ్ బాణీవి, ఆశను దాచుకోకుండా కథానాయకుడికి ఇచ్చాయి, వేగం నేర్పాయి. ఆ వేగంలో పని తాలూకు దుమ్ము మాత్రం రాలిపోయింది.

దుమ్ము ఉన్న రచన కావాలంటే తెనాలికే రావాలి. శారద అనే పేరుతో రాసిన నటరాజన్ 1924లో పుదుక్కోటలో పుట్టిన తమిళుడు. 1937లో, చిన్నతనంలోనే తండ్రితో తెనాలి వచ్చి, హోటళ్లలో సర్వరుగా బతికాడు. తెలుగు అక్కడే నేర్చుకున్నాడు, ఆ తెలుగులోనే 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' రాశాడు. మూర్ఛ జబ్బూ పేదరికమూ వదలలేదు, 1955లో ముప్పయ్యేళ్లు దాటగానే పోయాడు. ఆయన స్నేహితుడు, తనూ హోటలు కార్మికుడే అయిన ఆలూరి భుజంగరావు తరవాత ఆయన జీవితం గురించి పుస్తకం రాశారు. శారద పాత్రలు పట్నంలో నిలదొక్కుకోవాలనుకునే మనుషులు. వాళ్లను రాసినవాడు పొద్దున్నే పొయ్యి రాజేసే వేళ లేచినవాడు, ఎంగిలి ప్లేట్లు తీసినవాడు, చిల్లర లెక్క తేడా వస్తే ఎవరి జీతంలోంచి కోస్తారో ఎరిగినవాడు. ఎనభై మూడేళ్ల తేడాతో అదే తెనాలి పరిసరాల నుంచి ఒక హోటలు కుర్రాడు, 1937లో నిజం మనిషిగా ఒకసారి, 2020లో పాత్రగా ఒకసారి, మనకు దొరకడం యాదృచ్ఛికమే అయినా నాకు ఇష్టమైన యాదృచ్ఛికం.

అందరూ సర్వరు పని చేసి రాయలేరు. అడిగి రాయవచ్చు. ఇప్పుడు ఒక పాత్రను ఇక్కడే, మీ ముందే కట్టి చూద్దాం. నందివెలుగు లాంటి డెల్టా ఊళ్లో గ్రామ వ్యవసాయ సహాయకురాలు. ఇరవై మూడేళ్లు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ. పేరు చివర్లో పెట్టుకోవచ్చు, ముందు ఉద్యోగం తెలియాలి. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఒక్క విడతలో లక్షకు పైగా కుర్రకారుకు సొంత జిల్లాలోనే ప్రభుత్వోద్యోగం వచ్చింది. ప్రొబేషనులో అప్పట్లో నెలకు 15 వేలు. హైదరాబాదు రైలెక్కకుండానే కెరీరు మొదలుపెట్టిన ఇంత పెద్ద గుంపు ఇంతకు ముందు మనకు లేదు.

ఈ అమ్మాయి చెయ్యాల్సిన పనుల్లో ఒకటి ఈ-పంట నమోదు. పొలం గట్టుమీద నిలబడి ఫోనులో ఆ చేను ఎక్కడుందో పట్టించి, పంట ఫొటో తీసి, ఎవరు సాగు చేస్తున్నారో ఎక్కించాలి. నష్ట పరిహారం, బీమా, ధాన్యం అమ్మకం దీనిమీదే ఆధారపడతాయి. డెల్టాలో దున్నేవాళ్లు చాలామంది కౌలు రైతులు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూమి గలాయన సంతకం చెయ్యాలి. చేస్తే భూమి మీద ఏమైనా హక్కు వస్తుందేమోనని ఆయనకు భయం, అందుకే చాలామంది చెయ్యరు. ఇంతవరకు సమాచారం. ఇది కథ అయ్యేది ఇలా:

ఎండ నెత్తికెక్కింది. ఫోను వేడెక్కి లొకేషను తీసుకోవడం మానేసింది. ఆ అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"పేరు ఎక్కించావా అమ్మాయ్?"

"పొలం హైదరాబాదులో ఉన్నాయన పేరున ఉంది బాబాయ్. ఆయన సంతకం కావాలి."

"ఆయన ఫోనెత్తడు. పోయినేడాదీ అంతే. పెట్టుబడి నాది, ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు ముందే కొలిచా, గింజ గింజా నేను పండించింది. ఫొటోలో కూడా నేనే ఉన్నాగా, చూడు."

ఫొటోలో ఆయనే ఉన్నాడు, తలపాగా సర్దుకుని, పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు.

ఫోను టుంగుమంది. గ్రూపులో పైఅధికారి మెసేజి: సాయంత్రానికి నమోదు పూర్తి కావాలి, శాతంలో వెనకబడిన గ్రామాల పేర్లు పెడుతున్నాను. మొదటి పేరు వీళ్ల ఊరే.

"అమ్మాయ్, మీ నాన్న కౌలు చేశాడుగా నాతోపాటు," అన్నాడాయన, అడగాలో వద్దో అన్నట్టు.

ఆమె ఫోను పవర్‌బ్యాంకుకు తగిలించి, "ఆయన నంబరు చెప్పండి బాబాయ్, నేను చేస్తా," అంది.

ఇక్కడితో ఆపాను. ఈ కాస్తలోనే ఆ పిల్ల గురించి మనకు ఏమేం తెలిసిందో చూడండి. ఇది ఉద్యోగం కాబట్టి శాతాలు కావాలి. కౌలు రైతు కూతురు కాబట్టి ఆ పేరు ఎక్కాలి. తన కెరీరుకు పనికొచ్చేది ఒకటి, తన చదువుకు పెట్టుబడి పెట్టినవాళ్లకు పనికొచ్చేది మరొకటి. రచయిత వచ్చి ఆమె చిత్తశుద్ధి గల ఉద్యోగిని అని చెప్పనక్కరలేదు, పైఅధికారిని రాక్షసుణ్ణి చెయ్యనక్కరలేదు. ఆయనకూ ఆయన పైనుంచి ఒక గ్రూపు ఉంది. ఆమె ఆశ ఏమిటన్నది ఇంకా చెప్పలేదు. మండల వ్యవసాయాధికారి పరీక్ష రాయాలని ఉండవచ్చు, అప్పుడు ఈ శాతాల పట్టికలో వెనకబడటం ఆమెకు నిజంగా నొప్పి. తరవాత పేజీలో ఆ హైదరాబాదు ఆసామి ఫోనెత్తి చాలా మర్యాదగా, చాలా తియ్యగా వద్దంటే కథ ఇంకా బాగుంటుంది. తిట్టేవాణ్ణి ఎదిరించడం తేలిక. మర్యాదస్తుణ్ణి ఎదిరించడమే మొదటి ఉద్యోగంలో ఎవరికీ చేతకాదు.

మాటల గురించి ఒక్క విషయం. ఈ వయసు పాత్రకు ఒక భాష చాలదు. ఆ అమ్మాయి రైతును బాబాయ్ అంటుంది, పైఅధికారిని సర్ అంటుంది, గ్రూపులో 'నోటెడ్ సర్' అని కొడుతుంది, రాత్రి స్నేహితురాలికి అదే సర్ గురించి ఫోనులో వేరే భాషలో చెబుతుంది. నాలుగు చోట్లా ఒకే రకం తెలుగు మాట్లాడించారంటే ఆ పాత్ర ఉద్యోగంలో చేరలేదన్నమాట. అలాగని ప్రతి వాక్యంలో మూడు ఇంగ్లీషు ముక్కలు కుక్కి ఇదే నేటి యువత అనుకోవద్దు. ఎక్కడ ఇంగ్లీషులోకి జారతారో గమనించండి. సాధారణంగా భయపడినప్పుడు, ఏదో దాచినప్పుడు జారతారు.

కాలం సంగతి చివరికి మిగిల్చాను గానీ నిజానికి ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది. పాత్ర ఏ సంవత్సరంలో ఉద్యోగం వెతుక్కుంటోంది? కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో 1909లో పుట్టారు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీకి కాశీ వెళ్లి, 1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం దెబ్బకు పూర్తి చెయ్యకుండా తిరిగొచ్చారు. ఆయన నవల 'చదువు'లో సుందరం అనే పిల్లవాడు అక్షరాభ్యాసం దగ్గర మొదలై, పెద్ద చదువుకు కాశీ దాకా వెళ్లి, ఆ మాంద్యంలోకే వచ్చి పడతాడు. సుందరం తప్పేమీ చెయ్యలేదు, బాగానే చదివాడు. ప్రపంచం ఆ సమయానికి తలుపు మూసుకుంది, అంతే. మనిషి ఓడిపోవడానికి అతని గుణంలోనే కారణం వెతకాలన్న అలవాటు నుంచి తెలుగు నవలను కుటుంబరావు ఇలా తప్పించారు. దీనికి ఎదురుగా గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు అన్నీ ఉండి మొదలుపెట్టలేనివాడు, ఓటమికి కారణం అతనిలోనే ఉంది. తెనాలి నీళ్లు తాగిన ఇద్దరు రచయితలు, ఒకే తరం వాళ్లు, రెండు సమాధానాలు ఇచ్చారు. రెండూ చదివి మీ పాత్ర ఎటువైపో తేల్చుకోండి. నా మొగ్గు కుటుంబరావు వైపు.

ఎందుకంటే మన కాలానికీ అలాంటి తారీఖులు ఉన్నాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని దాని అధిపతే ఒప్పుకున్నాడు. ఆ వారంలో ఆఫర్ లెటరు చేతిలో పెట్టుకుని చేరే తేదీ కోసం చూస్తున్న పిల్ల కథ, 2006లో ఒకేసారి రెండు ఆఫర్లు వచ్చిన వాళ్ల అక్క కథ వేరువేరు. తేడా తెలివిలో లేదు, మూడేళ్లలో ఉంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి ల్యాప్‌టాపు పట్టుకుని ఇంటికొచ్చినవాళ్లను గుర్తు చేసుకోండి. అప్పటిదాకా కొడుకు ఏం పని చేస్తాడో తెలియని తల్లి, వాడు వసారాలో మంచం మీద కూర్చుని ఎవరికో సంజాయిషీ చెప్పుకోవడం మొదటిసారి విన్నది. పంపిన డబ్బు చూసింది గాని, ఆ డబ్బు వెనక వాడు ఇంత మెత్తగా మాట్లాడాల్సి ఉంటుందని ఆవిడకు ఎవరు చెప్పారు? ఇది నాలుగు పేజీల కథ. ఎవరైనా తీసుకోండి.

ముగింపు దగ్గర చాలామంది తడబడతారు. ఉద్యోగం వచ్చింది, అప్పు తీరింది, గొలుసు విడిపించారు, అందరూ నవ్వారు. లేదంటే ఉరితాడు. బాలచందర్ 1981లో తీసిన 'ఆకలి రాజ్యం'లో నిరుద్యోగి రంగా చివరికి మంగలి పనిలో కుదురుకుంటాడు. అది గెలుపా ఓటమా అని జనం అప్పుడూ వాదించుకున్నారు. వాదించుకోనిచ్చే ముగింపు మంచి ముగింపు. మొదటి ఉద్యోగం కథను మొదటి జీతంతో ముగించకండి. మొదటి జీతం పంచిపెట్టడంతో మొదలుపెట్టి చూడండి. ఎవరికి ఎంత, ముందు ఎవరికి, ఎవరికి చెప్పకుండా కొంత దాచుకుంది?

గ్రామ సచివాలయం బల్లవెనక కూర్చున్న ఇరవై రెండేళ్లవాళ్ల మీద, పొలం గట్టు మీద నిలబడి ఫోనులో శాతాలు చూసుకునే ఆ అమ్మాయి లాంటివాళ్ల మీద ఒక పూర్తి స్థాయి తెలుగు నవల నా కంట పడలేదు. వాళ్లలో రాయగలిగినవాళ్లు తప్పక ఉంటారు. ఈ వ్యాసం వాళ్ల చేతికి చేరితే నా విన్నపం ఒక్కటే: ఈ నెల డ్యూటీ డైరీ పక్కన ఇంకో పుస్తకం పెట్టుకోండి, రిపోర్టులో ఎక్కించడానికి వీల్లేనిదంతా అందులో రాయండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తరవాత మార్చుకోవచ్చు.